శుక్రవారం చెప్పులు

అరబ్బు దేశంలో, అల్ మన్సూరాలో మేమున్న సందు ఎంత ఇరుకంటే, ఎదురింటి కుక్కర్ కూత విని నేను మా పొయ్యి కట్టేసుకునేదాన్ని. తొంభై మూడు నాటి మాట. పాత అరబ్బీ ఇంటిని గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. తలుపులన్నీ సందులోకే. కూరలు తరగడం, పిల్లల తలలు దువ్వడం, తగాదాలు, అన్నీ అక్కడే.

ఆ సందుకు పెత్తందారు మాబున్నీసా. జగిత్యాల ఆవిడ, నోరు పెద్దది. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తీసి చూసేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. అయితే సందులో ఎవరు పురుడు పోసుకున్నా కాన్పు పథ్యం ఆవిడే వండిపెట్టేది. బుర్ఖా లేనిదే సందు మలుపు దాటేది కాదు. భర్త బుర్హానుద్దీన్ నీళ్ల ట్యాంకరు డ్రైవరు. మాట తక్కువ, కోపం ఎక్కువ.

మా గోదావరి వాళ్లం ధర్మరాజు, జయకుమారిల గదిలో ప్రార్థన పెట్టుకునేవాళ్లం. సెలవు శుక్రవారమే గనక ఆదివారపు ఆరాధన శుక్రవారానికి మారింది. గుంపులు చేరితే గది ఖాళీ చేయిస్తానని ఇంటి ఓనరు ముందే చెప్పాడు. ఆ గది పోతే మేం కూడుకోవడానికి మరో చోటు లేదు. అందుకే పాటలు గొంతు తగ్గించి పాడేవాళ్లం. చెప్పులు మాత్రం మన అలవాటు చొప్పున గుమ్మం బయటే కుప్పగా విడిచేవాళ్లం.

ఒక శుక్రవారం బయటికొస్తే ఒక్క జతా లేదు. సందంతా వెతికితే గుమ్మానికి కొన్ని దొరికాయి. జయకుమారి కొత్త చెప్పులు మాబున్నీసా గడప దగ్గరున్నాయి.

"ఎవరి కన్ను పడిందో ఇప్పుడు తెలిసిందండి," అంది జయకుమారి అందరూ వినేలా.

"నీ చెప్పులు నాకెందుకే? కుప్పబోస్తే హమీదుద్దీన్ కండ్లల్ల పడదా? ఇంటికి రెండు జతలుంటే చుట్టాలొచ్చిండ్రనుకుంటడు. గింత అకల్ లేదు!"

హమీదుద్దీన్ ఓనరు తరఫున అద్దెలు వసూలు చేసే హైదరాబాదీ. జయకుమారి తలదించుకుంది గానీ క్షమించమనలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

మరుసటి వారం పాట మధ్యలో హమీదుద్దీన్ గొంతు వినిపించింది. పాట ఆపేసి తలుపు సందులోంచి చూశాను. మాబున్నీసా గడప ముందు మా మగవాళ్ల బూట్లున్నాయి. బుర్హానుద్దీన్ డ్యూటీలో ఉన్నాడని సందంతటికీ తెలుసు.

"ఎవరియి ఇవి?" అన్నాడు హమీదుద్దీన్.

"నా తమ్ముళ్లయి. చుట్టాలొస్తె గూడ నిన్ను అడగాల్నా?"

అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. జయకుమారి నా చెయ్యి పట్టుకుని, "మొగుడు లేని వేళ ఇంట్లో మగాళ్లంటే ఆయన ఊరుకుంటాడా, అక్కా?" అంది.

హమీదుద్దీన్ సందు మొదట్లో కూర్చుని, జుమ్మా నమాజు వేళకి గానీ లేవలేదు. అతను మసీదుకు వెళ్లాక అందరం జారుకోవచ్చు. ధర్మరాజు ఒప్పుకోలేదు. "మన కోసం మాట పడిన మనిషిని ఒంటరిగా వదిలేసి వెళ్లిపోతామా?" అన్నాడు. మగవాళ్లంతా సందులో నిలబడ్డారు.

డ్యూటీ నుంచి అటే నమాజుకు వెళ్లి, బుర్హానుద్దీన్ ముఖం ముడుచుకునే వచ్చాడు. "మసీదుల హమీదుద్దీన్ చెప్పిండు, నీ తమ్ముళ్లొచ్చిండ్రని," అన్నాడు భార్యతో. ఆవిడకు తోడబుట్టినవాళ్లు లేరని అతనికి తెలియదా! 

"భాయ్, తప్పు మాది," అని ధర్మరాజు ముందుకొచ్చాడు.

బుర్హానుద్దీన్ అతన్ని ఎగాదిగా చూసి, మళ్లీ భార్య వైపే తిరిగాడు. "తమ్ముళ్లను ఎండల నిలబెడ్తరా? బామ్మర్దులు తినకుండ పోతె నా ఇజ్జత్ ఏం గావాలె? అన్నం వెట్టు."

అందరం లోపలికి నడిచాం. ధర్మరాజు కళ్లు తుడుచుకుంటున్నాడు. జయకుమారి నేరుగా వెళ్లి మాబున్నీసా చేతిలోని అన్నం గిన్నె పట్టుకుంది.

"ఇలా ఇవ్వండి వదినా, నేను వడ్డిస్తాను."