సామాన్ల గదిలో లెక్కపెట్టిన జట్టు

రండమ్మా, ఇలా చాప మీదికి వచ్చి నా దగ్గరగా కూర్చోండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గోడకి ఆనుకోండి, ఎందుకంటే ఇది గబగబా చెప్పేస్తే తెలిసే సంగతి కాదు, జరిగిన రోజుల్లో నాకే సగం అర్థం కాలేదు, ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పలేను.

మొన్న మా కింది వాటాలో ఉండే టీచరుగారి అమ్మాయి మెట్ల మీద కూర్చుని వాళ్ళ అమ్మకి ఫోనులో చూసి ఏదో చదివి వినిపిస్తోంది. ఆ పిల్ల కాలేజీలో వాలీబాల్ ఆడుతుంది లెండి. వచ్చే ఏడాది వాళ్ళ జట్టులో ఎవరుంటారు, చదువు అయిపోయి ఎవరు వెళ్ళిపోతున్నారు, వాళ్ళ చోట్లో ఎవరిని దింపితే బాగుంటుంది, ఎవరి పొడుగెంత, అంతా ఫొటోలతో సహా వేశారట. నేను కరివేపాకు దూసుకుంటూ విని, వచ్చే ఏడాది ఎవరుంటారో ఇప్పుడే ఎలా తెలుస్తుందే అని అడిగాను. ఆ పిల్ల నా వంక వింతగా చూసి, వాళ్ళనే అడిగితే చెప్తారు కదా మామ్మగారూ అంది. అంత తేలిక మాట. ఆ తేలిక మాట ఆ రోజుల్లో మాకెవరికీ ఎందుకు తట్టలేదా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను.

దివిసీమ ఉప్పెన రావడానికి రెండేళ్ళ ముందు మాట ఇది. మా ఆయన బెజవాడ రైల్వేలో ఖలాసీ, మాకు ఇచ్చిన క్వార్టరు ఒంటి గది, వంటకి చిన్న పంచ. నేను ఐదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని, తెలుగు అయితే కూడబలుక్కుని చదువుతాను కానీ ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అలాంటిదాన్ని ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో ఆయాగా కుదిరాను. పొద్దున గంట కొట్టడం, జ్వరమొచ్చిన పిల్లకి జావ కాచి ఇవ్వడం, చూడ్డానికి వచ్చిన తండ్రుల్ని వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడం, ఇవన్నీ నా పనులే. సామాన్ల గది తాళంచెవి నా కొంగుకే ఉండేది, వాలీబాల్ నెట్టూ, బంతులూ ఆ గదిలోనే ఉండేవి గనక, సాయంత్రం కోర్టులో దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి నెట్టు కట్టించేసరికి నేను కూడా ఆ జట్టులో మనిషినే అన్నట్టు ఉండేదాన్ని.

పిల్లల్ని పేర్లతో కాకుండా ఊళ్ళతో పిలవడం నా అలవాటు. నలభై మంది ఉన్న హాస్టల్లో ఒకే పేరు నలుగురికి ఉంటే ఏం చేస్తాం మరి. అలా మా జట్టులో గన్నవరం పిల్ల అని పొడుగాటి పిల్ల ఉండేది, నెట్టు మీదనుంచి బంతిని కొడితే అవతలివాళ్ళు మంటకి చేతులు విదిలించుకునేవాళ్ళు. ఆ పిల్లకి బంతిని లేపి ఇచ్చేది కొల్లేటి పిల్ల. పొట్టి పిల్ల, నల్లటి పిల్ల, మాట తక్కువ, ఆ పిల్ల చేతుల్లో బంతి పడితే చప్పుడే వచ్చేది కాదు. తండ్రి సరస్సులో చేపలు పట్టేవాడు, తల్లి కైకలూరు సంతలో అమ్మేది. సరస్సు మధ్య వాళ్ళ లంక ఊళ్ళోంచి కాలేజీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అదే. ఆట ఆడుతుందనే కదా, ఆ పిల్లకి హాస్టల్లో మంచమూ, రెండుపూటలా అన్నమూ ఉచితంగా ఇచ్చారు. అది లేకపోతే చదువూ లేదు, ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు, మాకూ తెలుసు.

ఒకసారి భోజనాల దగ్గర ఎవరో పిల్ల ముక్కు ముడుచుకుని కాస్త దూరంగా జరిగి కూర్చుంటే, కొల్లేటి పిల్ల మజ్జిగన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండా, దగ్గరికి జరగవే, నీచు వాసన ఎలాగూ అంటుతుంది, దాంతోపాటు నాలుగు సర్వీసులన్నా అంటుకుంటాయేమో అంది. పక్కనున్న గన్నవరం పిల్లకి నవ్వుతో పొలమారింది. ఆ ఇద్దరికీ స్నేహం అలా కుదిరిందో, కోర్టులో కుదిరిందో చెప్పలేను గానీ, ఒకరు లేకుండా ఒకరు కనిపించేవాళ్ళు కాదు.

ఆ ఏడు వేసవి సెలవులకి ముందు ప్రిన్సిపాల్ గారు మా ఆటల మేడాన్ని పిలిచి ఒక షరతు పెట్టారు. జట్టులో ముగ్గురి చదువు అయిపోతోంది, కాలేజీ తెరిచే నాటికి కనీసం ఎనిమిది మంది లేకపోతే వచ్చే ఏడాది జట్టే వద్దు, ఎవరెవరు వస్తారో సెలవులిచ్చిన వారంలోపు పేర్లు రాసి ఇవ్వమన్నారు. మేడం మెడలో విజిల్ వేలాడేసుకుని గది గదికీ తిరిగి అడిగింది. ఒక్క పిల్లా తిన్నగా జవాబు చెప్పలేదు. చూడాలి మేడం అని ఒకరు, నాన్నగారు ఏమంటారో అని ఒకరు, మా అమ్మమ్మకి ఒంట్లో బాలేదని ఇంకొకరు. అది వాళ్ళ తప్పు కాదమ్మా. వేసవికి ఇంటికి వెళ్ళిన పిల్ల ఏ పెళ్ళిచూపుల్లో కూర్చోవాలో, ఆ కూర్చున్నాక జూన్లో ఎక్కడుంటుందో, ఆ పిల్లకి తప్ప అందరికీ తెలిసే రోజులవి.

మేడం చివరికి విసిగిపోయి నా దగ్గరికి వచ్చి కూలబడింది. "ఆయమ్మా, వీళ్ళలో ఎవరొస్తారో ఎవరు రారో నీకే తెలియాలి. నువ్వే చెప్పు" అంది.

నాకు ఒక లెక్క ఉండేది. తిరిగి వచ్చే పిల్ల తన ట్రంకు పెట్టెని వేసవిలో మా సామాన్ల గదిలో పెట్టి వెళ్ళేది, ఇక రాని పిల్ల రిక్షాలో వేసుకుని పట్టుకుపోయేది. నేను చేరిన నాటినుంచీ అదే పద్ధతి. మూతల మీద పేర్లు ఇంగ్లీషులో రాసి ఉండేవి, నాకు రావు గనక నొక్కులని బట్టీ, రంగుని బట్టీ ఏది ఎవరిదో గుర్తుపెట్టుకునేదాన్ని. సరే, సెలవులిచ్చిన మర్నాడు మేడాన్ని వెంటబెట్టుకుని గది తలుపు తీశాను. జట్టు పిల్లల పెట్టెలు సరిగ్గా ఎనిమిది ఉన్నాయి. గన్నవరం పిల్లది ఆకుపచ్చ పెట్టె, అది అన్నిటికన్నా ముందే కనిపించింది. మేడం ముఖం వికసించింది, కాగితం మీద వరుసగా పేర్లు రాసుకుని, మరి కొల్లేటి అమ్మాయో అని అడిగింది.

నేను, తల్లీ, ఏమాత్రం తడుముకోకుండా, "ఆ పిల్ల మొత్తం మూట కట్టుకుని వెళ్ళిపోయిందండీ, చెంబు కూడా మిగల్చలేదు" అన్నాను.

అంటే రాదన్నమాటే కదా. మేడం కలానికి మూత పెట్టేసింది, ఆ పేరు రాయలేదు. ఆ పిల్లకిచ్చిన ఉచిత మంచం కూడా ఇంకో బీదపిల్లకి రాసేశారు.

జూన్ వచ్చింది. కాలేజీ తెరవకముందే, ఇంకా గేటు తాళం తీయకముందే, గుడివాడ మీదుగా వచ్చే ప్యాసింజరు దిగి, మూట చంకన పెట్టుకుని గేటు బయట నిలబడి ఉంది కొల్లేటి పిల్ల. అందరికన్నా ముందు వచ్చిన పిల్ల అదే. నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అన్నీ పట్టుకుపోయావుగా, రావనుకున్నామే అన్నాను. ఆ పిల్ల మూట వంక చూసుకుని, నా వంక చూసి, మామూలుగా చెప్పింది. "నాకున్నదే ఇంత ఆయమ్మా. ఇందులో ఏది వదిలిపెట్టి వెళ్ళను?"

పెట్టె లేని పిల్ల పెట్టె ఎలా వదిలి వెళుతుందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదే నేను, అన్నం పెట్టిన చేతులే నావి, దాని బట్టలు ఎన్ని జతలో ఎరిగిన కళ్ళే నావి. ఆ రోజు నాకు ఏ పనీ చేతికి అందలేదు, గంట కూడా ఒకసారి తక్కువ కొట్టాను.

ఇక అక్కడినుంచి నా లెక్క తలకిందులవుతూనే ఉంది. పెట్టెలు ఉన్నవాళ్ళు రావాలి కదా. ఒకరోజు ఒక అన్నయ్య వచ్చి, చెల్లాయికి సంబంధం కుదిరిందండీ, పెట్టె ఇప్పించండి అన్నాడు. ఇంకోరోజు ఒక బాబాయి. మరో పెట్టెకోసం పాలేరు వచ్చాడు. అలా మూడు పెట్టెలు వెళ్ళిపోయాయి. తర్వాత నాకు తెలిసింది, ఆ పిల్లల్లో ఒకతె కావాలనే పెట్టె వదిలి వెళ్ళిందట, పెట్టె ఇక్కడుంటే దానికోసమన్నా మళ్ళీ పంపిస్తారని. పంపించలేదు. ఎనిమిదిలో నలుగురు వచ్చారు. గన్నవరం పిల్ల ఆకుపచ్చ పెట్టె మటుకు, అడిగేవాళ్ళు లేక, తెరిచేవాళ్ళు లేక అలాగే పడి ఉంది.

కొల్లేటి పిల్లని వచ్చిన రోజే మా క్వార్టరుకి తీసుకెళ్ళి, మా ఆయన్ని పంచలో పడుకోమన్నాను. పెట్టెలు ఇలా పోవడం చూశాక ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. అంతకుముందు ఆ గదిలోకి కాఫీ గ్లాసుతో తప్ప వెళ్ళిన మనిషిని కాదు. తప్పు మేడానిది కాదండీ, నాది, నేను పెట్టెలు చూసి చెప్పాను, ఆ పిల్లకి పెట్టె లేదండీ అని చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఇచ్చిన మంచం వెనక్కి తీసుకోలేననీ, అది దక్కిన పిల్ల కూడా లేనిదేననీ, జట్టు నిలబడితే మటుకు జట్టు పేరు మీద ఇంకో చోటు రాయగలననీ చెప్పారు. "శనివారంలోపు ఎనిమిది పేర్లు. వాళ్ళ చేతి సంతకాలతో కావాలి, ఈసారి పెట్టెలతో కాదు" అన్నారు. ఆ ఆఖరి మాట అన్నప్పుడు కొంచెం నవ్వారనే నాకు గుర్తు.

నలుగురూ, కొల్లేటి పిల్లా ఐదుగురు. మేడం మొదటి సంవత్సరం పిల్లల్లోంచి ఇద్దరిని పట్టుకుంది, వాళ్ళకి బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప ఏమీ తెలియదు. ఏడుగురయ్యారు. ఎనిమిదో మనిషి కోసం హాస్టలంతా గాలించినా, అమ్మో మేము పాంటు వేసుకోమని పారిపోయినవాళ్ళే. శుక్రవారం పొద్దున నేను ఇంక ఉండబట్టలేక, ఆకుపచ్చ పెట్టెని రిక్షా ఎక్కించి, బస్టాండుకి తీసుకెళ్ళి, ఏలూరు వెళ్ళే ఎర్రబస్సు టాపు మీద వేయించి, గన్నవరంలో దిగాను. పెట్టె అప్పగించడానికి వెళుతున్నానో, పిల్లని తెచ్చుకోవడానికి వెళుతున్నానో దారి పొడుగునా నాకే తేలలేదు.

ఆ ఇంటి అరుగు మీద తండ్రిగారు పేపరు చదువుకుంటున్నారు, బడిలో హెడ్మాస్టరుగా చేసి మానుకున్నారాయన. మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. శ్రావణంలో పెళ్ళనీ, పరీక్షలు కావాలంటే ఇంటినుంచి రాస్తుందనీ, ఆటలు ఇక కుదరవనీ నెమ్మదిగా చెప్పారు. నేను పెట్టె అక్కడ పెట్టి లేవబోతూ, కొల్లేటి పిల్ల సంగతీ, ఎనిమిదో పేరు సంగతీ ఎవరితోనో చెప్పుకున్నట్టు చెప్పాను. గుమ్మం లోపల నిలబడి వింటున్న పిల్ల బయటికి వచ్చింది. పొడుగాటి పిల్ల, చీరలో ఇంకా పొడుగ్గా ఉంది.

"నాన్నగారూ, నేను వెళ్ళను. పేరు మాత్రం రాసిస్తాను" అంది.

ఆయన పేపరు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు. పేరేగా అన్నారు చివరికి. ఆ పిల్ల లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి అరుగు మీదే వంగి రాసి సంతకం పెట్టింది. నా చేతిలో పెడుతూ, దానికి చెప్పు ఆయమ్మా, నాకిచ్చినంత ఎత్తులో కొత్తపిల్లలకి ఇవ్వద్దు, అందుకోలేరు అంది. బస్సు దాకా కూడా రాలేదు.

మర్నాడు ఆ కాగితం మేడానికి ఇచ్చాను. ఆ పిల్ల వస్తుందా అని మేడం అడగలేదు, రాదని నేనూ చెప్పలేదు. అడగకపోవడం తెలిసి అడగకపోవడమో, తెలియక అడగకపోవడమో, అది అబద్ధం కిందకి వస్తుందో రాదో, ఇన్నేళ్ళుగా తిప్పి తిప్పి చూసుకున్నా నాకు తేలడం లేదు. ప్రిన్సిపాల్ గారు ఎనిమిది సంతకాలూ వేలితో లెక్కపెట్టుకుని, కొల్లేటి పిల్లకి నాలుగు మంచాల గదిలో ఐదో మంచం వేయించారు. ఆ ఏడు మా జట్టు ఆడిన ఆటల్లో గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. ఎనిమిదో మనిషి ఒక్కరోజు కూడా కోర్టులో అడుగుపెట్టలేదు. అయినా కొల్లేటి పిల్ల కంచంలో రెండేళ్ళు అన్నం పెట్టింది ఆ మనిషి పేరే. ఆ పిల్ల చదువు పూర్తిచేసి, కైకలూరు దగ్గర బడిలో పంతులమ్మ అయ్యింది. గన్నవరం పిల్ల ఏమైందో నాకు తెలియదు, పెళ్ళికి పిలుపు వచ్చింది గానీ సెలవు దొరకలేదు.

ఇప్పటి పిల్లలు వచ్చేదుంటే వస్తామంటారు, లేకపోతే రామంటారు, వినడానికి ఎంత హాయిగా ఉంటుందో. మన రోజుల్లో ఆడపిల్లకి తన జూన్ నెల ఎక్కడ గడుస్తుందో చెప్పే వీలు లేకపోయింది, ఇవ్వగలిగిందల్లా ఒక సంతకం, అదీ తండ్రి ఎదురుగా. అదేదో గొప్పదని అనుకోవాలో, అంతేనా అని ఏడవాలో నాకు తెలియదు. మీలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి తల్లీ. మీ ఇంటి ఆడపిల్లలు వెళ్ళాలనుకున్న చోటికి వెళ్ళి, రావాలనుకున్నప్పుడు మీ గడపలోకి రావాలి, మీ వంటింట్లో ఎప్పుడూ ఒక పిడికెడు అన్నం ఎక్కువే ఉండాలి, మీ ఇల్లు చల్లగా ఉండాలి.