కుర్చీ మాస్టారి సందు

ప్రొద్దున లేవగానే మా చిన్న మావయ్య ముందుగా కుడిచేతి గోళ్ళు చూసుకుంటాడు. ముఖం కడుక్కోవడం కూడా ఆ తర్వాతే. వంటింటి కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి, ఒక్కొక్క గోటి అంచునూ పెదవికి ఆనించి చూసి, ఎక్కడైనా గరుకు తగిలితే సన్నటి ఆకురాయితో రాస్తాడు. ఎడమచేతి గోళ్ళు మాత్రం చర్మం దాకా కత్తిరించి ఉంటాయి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ఆ రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసి కొంచెం ఎడంగా జరుగుతారు. గోళ్ళు విరుగుతాయని ఆయన డబ్బా మూతలు తియ్యడు, ముడులు విప్పడు, గిన్నెలు ముట్టుకోడు.

"ఈయనవి చేతులా, అద్దాల బీరువాలో బొమ్మలా? నావేమో గరిటెలు" అంటుంది అత్తయ్య. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని కిటికీ పరదాలు కుడుతుంది.

ఆ గోళ్ళతో మావయ్య చాలా ఏళ్ళు ఒక హోటల్లో గిటార్ వాయించాడు. హోటల్ పెద్దదే గానీ ఆయన చోటు చిన్నది. భోజనాల హాల్లో, వంటగదిలోకి వెళ్ళే తలుపు పక్కన, జానెడు ఎత్తు చెక్క వేదిక. దాని మీద పాడే ఆవిడ నిలబడేది. ఆవిడకు ఎడమపక్కన చేతులు లేని కుర్చీలో మావయ్య. అంతే ఆ బృందం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా పళ్ళేల చప్పుడు, లోపల ఎవరో ఎవరినో కసురుకోవడం వినిపించేది. భోంచేసేవాళ్ళు పాట కోసం రారు. పాట ఆగితే మాత్రం తలెత్తి చూస్తారు, ఫ్యాను ఆగినప్పుడు చూసినట్టు.

గిటార్ వాయించేవాడంటే జనానికి ఒక ఊహ ఉంటుంది. నిలబడాలి, జుట్టు ఎగరాలి, మెడ వెనక్కి వాల్చాలి. మావయ్య గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని, మోకాళ్ళు దగ్గరగా చేర్చి, బ్యాంకులో తన వంతు కోసం కాచుకున్నవాడిలా కూర్చునేవాడు. అందుకే కుర్చీ మాస్టారని పేరు పడింది. ఆయన వాయించేవి నెమ్మదైన పాత పాటలు. వాటిని తక్కిన వాయిద్యగాళ్ళు 'లిఫ్టు పాటలు' అనేవారు. పై అంతస్తు వచ్చేదాకా వినక తప్పనివని.

అలా అన్నవాళ్ళే వచ్చేవారు. విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు. వెనకవైపు స్తంభం చాటున బల్ల చూసుకుని, ఒక్క కాఫీ తెప్పించుకుని, అది మీగడ కట్టేదాకా ముందు పెట్టుకుని కూర్చునేవారు. మెనూ కార్డు చాటున సెల్‌ఫోను నిలబెట్టి ఉండేది. ఒక సాయంత్రం ఇద్దరు ఒకే స్తంభానికి చెరోవైపూ దొరికిపోయారట.

"నువ్వేంటి ఇక్కడ?"

"మా బావ వస్తానంటేనూ... నువ్వో?"

"నాదీ బావే."

ఆ సాయంత్రం ఏ బావా రాలేదు.

వాళ్ళలో టోపీ అనే ఆయన పెద్ద పేరున్నవాడు. ఎండలోనూ చీకట్లోనూ తలమీద టోపీ తియ్యడు. అతను దొరకడం కోసం రికార్డింగు తేదీలు మార్చుకునేవారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని పత్రికలవాళ్ళు అడిగితే దూరదేశాల వాళ్ళ పేర్లు వరసగా చెప్పేవాడు. స్తంభం చాటు బల్ల ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు.

వాళ్ళు నేర్చుకోవడానికి వచ్చింది ఆయన వాయించేదాన్ని కాదు, వాయించకుండా వదిలేసేదాన్ని. పాడే ఆవిడ ఊపిరి తీసుకోబోయే ముందు మావయ్య చెయ్యి పక్కకు తప్పుకునేది, ఇరుకు దారిలో ఎదురొచ్చిన మనిషికి ఒదిగి నిలబడ్డట్టు. దాన్ని ఆయన 'సందు' అనేవాడు. "గొంతు నడవడానికి సందు వదలాలి. మనం అడ్డంగా నిలబడితే పాపం అదెటు పోతుంది?" అనేవాడు. అచ్చులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉన్నప్పుడు దాన్నెవరూ చూడరు. లేకపోతే ఒక్క వాక్యం చదవలేరు. అదీ అలాంటిదే. ఆ మాట వాయిద్యగాళ్ళలో పాకి 'కుర్చీ మాస్టారి సందు' అయింది.

అత్తయ్య చెవిన పడ్డప్పుడు తెగ నవ్వింది. "అద్దె ఇల్లయితేనేం, మీ పేరు మీద ఒక సందు ఉందిటగా! ఇక ఆటోవాడికి గుర్తులు చెప్పక్కర్లేదు."

వేలి సంగతి ఒక మామూలు సాయంత్రం బయటపడింది. ఆయన రోజూ వాయించే ఒక పాటలో రెండో చరణానికి ముందు నాలుగు స్వరాలు మెట్లెక్కినట్టు పైకి వెళ్తాయి. నాలుగోదాన్ని ఎడమచేతి ఉంగరపు వేలితో నొక్కాలి. ఆ స్వరాన్ని పట్టుకునే పాడే ఆవిడ చరణం అందుకుంటుంది. ఆ సాయంత్రం మూడే మోగాయి. నాలుగోచోట వేలు తీగ మీదికి దిగకుండా, వేడి తగిలినట్టు లోపలికి ముడుచుకుంది. పాడే ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి చూసి, అలవాటు కొద్దీ సరైన చోటే అందుకుంది. స్తంభం చాటున టోపీ కళ్ళు మూసుకుని తల ఊపాడు.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. కొన్నాళ్ళకే వాయిద్యగాళ్ళలో ఒక మాట పుట్టింది. మాస్టారు ఇప్పుడు ఏకంగా స్వరాన్నే సందుగా వదిలేస్తున్నారట, దాన్ని వినేవాడే మనసులో పూరించుకోవాలట.

నరాల డాక్టరు ఆ వేలిని వంచి, చాచి, సూదితో గుచ్చి చూశాడు. బొత్తాం పెట్టమంటే పెట్టింది. బల్ల మీది గుండుసూది తియ్యమంటే తీసింది. గిటార్ వాయించమంటే ముడుచుకుంది. జబ్బు వేలికి కాదు, వేలికి ఆజ్ఞలు వెళ్ళేచోట దారులు కలగాపులగం అయిపోయాయి అన్నాడు డాక్టరు. ఒకే పనిని ఏళ్ళ తరబడి అతి శ్రద్ధగా చేసేవాళ్ళలో కొందరికి ఇలా అవుతుందట.

"ఇంకాస్త ఎక్కువ సాధన చెయ్యమంటారా?" అని అడిగాడు మావయ్య.

"అదే చెయ్యకూడదు."

మావయ్య "చాలా థాంక్సండీ" అని వచ్చేశాడు.

సూదిమందు వేయిస్తే కొన్నాళ్ళు ఆ వేలు తడిగుడ్డలా వేలాడింది. మందు బలం తగ్గాక మళ్ళీ ముడుచుకుంది. మధ్యవేలితో నొక్కుదామంటే చెయ్యి అక్కడికి జరిగేలోపు పాట ముందుకు వెళ్ళిపోయేది. చిటికెనవేలితో నొక్కుదామంటే ఉంగరపు వేలు దాన్ని కూడా లోపలికి లాక్కుపోయేది. చెయ్యకూడదన్న సాధన చెయ్యకుండా ఉండలేకపోయాడు. పొద్దుటిపూట లోపలిగదిలోంచి మూడు స్వరాలు వినిపించి ఆగిపోయేవి. మళ్ళీ మూడు. మళ్ళీ ఆగిపోయేవి. ముందుగదిలో అత్తయ్య మిషను ఆపేసి, నాలుగోది వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేది.

"మీ ఇంట్లో ఎవరో కొత్తగా గిటార్ నేర్చుకుంటున్నట్టున్నారే?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది.

"అవునండీ, ఇప్పుడిప్పుడే" అంది అత్తయ్య.

ఒక మధ్యాహ్నం టోపీ గిటార్ పెట్టె భుజాన వేసుకుని నేరుగా ఇంటికే వచ్చాడు. అంతకుముందు మావయ్య గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. మావయ్య కంగారుగా వంటింట్లోకి వెళ్ళి, "వాడు మామూలువాడు కాదే. చేతిని చూడగానే చెప్పేస్తాడు. వాయించేవాడి కష్టం వాయించేవాడికి తెలుస్తుంది. ఏదో ఒక దారి చూపించకపోడు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో కళ కనిపించిందని అత్తయ్య అంటుంది.

టోపీ పెట్టె తెరిచి గిటార్ తీశాడు. అతని ఎడమచేతి ఉంగరపు వేలు అరచేతిలోకి మడిచి, పైన ప్లాస్టరు అంటించి ఉంది.

"అయ్యో, దెబ్బ తగిలిందా బాబూ?" అంది అత్తయ్య.

"దెబ్బ కాదమ్మా, మాస్టారి కొత్త పద్ధతి" అన్నాడు టోపీ, గర్వంగా, కొంచెం సిగ్గుగా. "ఆ వేలు లేదనుకుంటే గానీ ఆ సందు రావట్లేదు. నిద్రలో తప్ప విప్పట్లేదు. అయినా మీలా అంత ఠక్కున ఆగట్లేదు మాస్టారూ."

మావయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్ నాయనా, ముందు దాన్ని విప్పు. అది పద్ధతీ కాదు, పాడూ కాదు. నా వేలు పని చెయ్యట్లేదు. జబ్బు."

టోపీ నవ్వాడు. "చెప్పడం ఇష్టం లేకపోతే లేదనండి. జబ్బు గిబ్బు అని ఎందుకండీ, నోరారా?"

"ఈయనకు అబద్ధమాడటం వచ్చి ఉంటే ఈపాటికి నీ అంత పేరు తెచ్చుకునేవారు బాబూ" అంది అత్తయ్య. "డాక్టరుకు కూడా చూపించాం."

"మా మావగారు కూడా అంతేనమ్మా. నరాలన్నారు, పరీక్షలన్నారు, చివరికి ఏమీ లేదన్నారు. మాస్టారు నిన్న వాయించింది నేను విన్నాను. జబ్బు చేసిన చెయ్యి అలా వాయిస్తుందా?"

చెబితే లాభం లేదని మావయ్య తన గిటార్ తీసుకుని అతనికి ఎదురుగా కూర్చున్నాడు. "నా ముఖం కాదు, వేలు చూడు" అన్నాడు. మూడు స్వరాలు వాయించాడు. నాలుగోచోట వేలు ముడుచుకుపోయింది. దాన్ని తెరవడానికి ఆయన పళ్ళు బిగించడం, మెడ నరాలు ఉబ్బడం అత్తయ్య చూసింది. టోపీ వేలినే చూస్తూ ముందుకు వంగాడు. మెల్లగా జేబులోంచి సెల్‌ఫోను తీశాడు.

"ఇంకొక్కసారి మాస్టారూ. కొంచెం నెమ్మదిగా."

మావయ్య ఇంకొక్కసారి వాయించాడు. ఎందుకు వాయించారని అత్తయ్య తర్వాత గట్టిగా నిలదీస్తే, "నెమ్మదిగా చూస్తే నమ్ముతాడేమోనని" అన్నాడు.

వెళ్ళేముందు టోపీ గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు. "మీరు దాచుకోవడంలో తప్పు లేదు మాస్టారూ. ఇన్నేళ్ళూ మీతో ఒక్క మాట చెప్పకుండా మీ బాణీ తీసుకుపోయాం. మీకు కోపం ఉంటుంది, ఉండాలి కూడా."

"నాకు కోపం లేదురా" అన్నాడు మావయ్య. అది కూడా అతను నమ్మినట్టు లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే హోటల్లో పెద్ద విందు జరిగింది. పిల్లల గోల, కుర్చీలు లాగుతున్న చప్పుడు. పాడే ఆవిడకు జలుబు చేసి చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. మూడు స్వరాలయ్యాక ఆవిడ నాలుగోదాని కోసం ఆగింది. అది రాలేదు. గుడ్డిగా అందుకుంది, శ్రుతి తప్పింది. ముందు బల్ల దగ్గర ఒకాయన ఆ గొంతును అలాగే వంకరగా అనుకరించాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. స్తంభం చాటున మాత్రం ఎవరూ నవ్వలేదు. "ఆవిడకు మాస్టారి సందు అందట్లేదు" అని విసుక్కున్నారు.

దుప్పట్ల బండ్లు నిలబెట్టే నడవాలో ఆవిడ ముక్కు తుడుచుకుంటూ నిలబడి ఉంటే మావయ్య వెళ్ళాడు.

"నలుగురూ నవ్వినందుకు కాదన్నయ్యా నా బాధ" అంది. "ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని కాలు వేశాను, అక్కడ మెట్టు ఉంటుందని. ఇప్పుడు భయమేస్తోంది."

"తప్పు నాది చెల్లెమ్మా. మేనేజరుకు చెప్తాను."

మేనేజరు మర్యాదస్తుడు. లేచి నిలబడి మరీ విన్నాడు. "మీరు ఆవిణ్ణి వెనకేసుకొస్తారని నాకు తెలుసండీ. కానీ మీ కోసం ఎంతెంతవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారో నేను చూస్తూనే ఉన్నాను. నిన్న టోపీగారు కూడా అన్నారు, పాడేవాళ్ళను మారిస్తే బాగుంటుందని. నెలాఖరుకు మారుస్తాను."

"బాబూ, నా వేలు పని చెయ్యట్లేదండీ."

"అదే మీ గొప్పతనం" అన్నాడు మేనేజరు.

ఇక మావయ్య చేతిలో మిగిలింది ఒక్కటే. తాను మానేస్తే ఆవిడ ఉంటుంది. ఇంట్లో ఎవరితోనూ అనకుండా, ఆ వారమే మానేశాడు. అత్తయ్యకు సాయంత్రం కాగానే తెలిసిపోయింది. ఆయన హోటల్‌కు వేసుకెళ్ళే తెల్ల చొక్కా తొడుక్కోలేదు. ఆవిడ మిషను చాలాసేపు తొక్కలేదు.

పాడే ఆవిడ ఉద్యోగం నిలిచింది. కుర్చీలోకి కొత్తాయన వచ్చాడు, టోపీ పంపించిన మనిషే. మంచి చెయ్యి, పది వేళ్ళూ చెప్పినట్టు వినేవి. మొదటి రోజే పాడే ఆవిడ ఫోను చేసింది.

"మీరు వెళ్ళిపోయారు గానీ అన్నయ్యా, మీ వేలు ఇక్కడే ఉంది."

"అంటే?"

"నాలుగోది వాయించట్లేదు ఈయన. అడిగితే మాస్టారి బాణీ అండీ, చెడగొట్టకూడదు అంటున్నాడు."

మావయ్య ఫోను ఆయనకు ఇమ్మన్నాడు. "బాబూ, ఆ నాలుగో స్వరం వాయించు. ఆవిడకు అది కావాలి. నేను వాయించకపోవడం కాదు, వాయించలేకపోయాను."

"మీ గొంతు వినడమే నా అదృష్టం మాస్టారూ. అలాగే మాస్టారూ" అన్నాడు కొత్తాయన. మర్నాడు మళ్ళీ మూడే వాయించాడు.

చివరికి ఆవిడ ఆ పాట పాడటమే మానేసింది. మాస్టారు ఇంట్లో కూర్చుని ఇంకా కొత్తదేదో తయారు చేస్తున్నారని వాయిద్యగాళ్ళు చెప్పుకుంటున్నారట. అప్పుడప్పుడు ఎవరో ఒకరు వీధిలో నిలబడి కిటికీ వైపు చెవి పెడుతుంటారు. అత్తయ్య పరదా దులపడానికి బయటికి వస్తే, ఏదో అడ్రసు వెతుకుతున్నట్టు ముందుకు నడుస్తారు.

మావయ్య ఇప్పుడు అత్తయ్య కుట్టే పరదాలకు కొలతలు తెస్తున్నాడు. మధ్యాహ్నం భోజనం కాగానే టేపు జేబులో వేసుకుని వెళ్తాడు, చీకటి పడకముందే, ఒకప్పుడు హోటల్‌కు బయల్దేరే వేళకల్లా, ఇంటికి వచ్చేస్తాడు.