ఎవాల్డ్ ఎత్తిన చెయ్యి

ఎవాల్డ్ పియెట్రెక్ పదహారో ఏట మా గని ఫుట్‌బాల్ టీములో చేరాడు. మోకాళ్లు అరిగిపోయేదాకా ఇంకో చొక్కా తొడగలేదు. మా మైదానంలో గడ్డి ఉండదు, బొగ్గు బూడిదే. పడితే చర్మం కింద నల్లగా దిగిపోతుంది. అతని కాళ్ల నిండా ఆ నలుపే. గనిలో మా ఇద్దరిదీ ఒకటే షిఫ్టు, ఆటలో అతని పక్కనే నా చోటు.

ఒకసారి నగరం నుంచి పెద్ద క్లబ్బువాళ్లు కారులో వచ్చారు. తమ టీములో ఆడితే గని మానిపించి గోదాములో పని ఇప్పిస్తామన్నారు. అతని భార్య హెడ్విగ్ కాఫీ పోసి కేకు పెట్టింది. అంతా విని ఎవాల్డ్, "ఆదివారం మావాళ్లు పదిమందితో ఆడతారా?" అని లేచాడు.

"నీ క్లబ్బునే కట్టుకోవాల్సింది. నాకు మసిబట్టలు ఉతికే పీడ పోయేది" అని హెడ్విగ్ ఏళ్ల తరబడి దెప్పింది.

తర్వాత గని మూసేశారు. కుర్రాళ్లు కార్ల ఫ్యాక్టరీలకి పోయారు. రైలు పట్టాల అవతలి క్లబ్బు, మా పాత శత్రువులు, కలిసిపోదాం అన్నారు. కలిస్తే మా పేరూ, ఆకుపచ్చ చొక్కా పోతాయి. కలవకపోతే వచ్చే ఏడు టీమే లేదు.

బీరు హోటల్లో సభ్యులందరం కూడాం. అధ్యక్షుడు ష్రోయర్, "ఎవాల్డూ, నువ్వు చెబితే వింటారు, చెప్పు నాయనా" అన్నాడు.

ఎవాల్డ్ లేచాడు. "పట్టాల అవతలోళ్లంటే నాకెంత ప్రేమో మీకు తెలుసు. నా పళ్లు రెండు వాళ్ల దగ్గరే ఉన్నాయి."

అందరూ నవ్వారు.

"కానీ మన పిల్లలు ఆడాలంటే ఇంకో దారి లేదు. చేతులెత్తండి."

నాకు ఇష్టం లేదు. అతను చెప్పాడని ఎత్తాను. మిగతావాళ్లూ ఎత్తారు.

"వద్దనేవాళ్లు?" అని ష్రోయర్ ఆనవాయితీకి అడిగాడు.

ఒక్క చెయ్యి లేచింది. ఎవాల్డ్‌ది.

"ఒరే, నువ్వే కదరా ఎత్తమంది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"మిమ్మల్ని ఎత్తమన్నాను. నాది వద్దని రాసుకోండి."

నాకు ఒళ్లు మండింది. వీధిలో ఆపేశాను. "క్లబ్బు శవపెట్టెకి మేకులు మా చేత కొట్టించి, ఏడుపు మాత్రం నువ్వొక్కడివే ఏడ్చావేంట్రా?"

"నువ్వు వద్దంటే ఇంకో పదిమంది వద్దనేవాళ్లు. నేనొక్కణ్ణే అయితే దేనికీ అడ్డం కాదు" అన్నాడు.

ఆగస్టులో కొత్త క్లబ్బు మొదటి మ్యాచ్ ఆడింది. నేను వెళ్లాను. అతను రాలేదు. ఆ పూటంతా నేలమాళిగలో బంగాళాదుంపలు ఏరుతూ కూర్చున్నాడని హెడ్విగ్ చెప్పింది. అతన్ని మళ్లీ పలకరించడానికి నాకు చలికాలం దాకా మనసొప్పలేదు.