మాకవరపాలెం నుంచి అనకాపల్లికి, జేబులో ఆవు రక్తంతో

అనకాపల్లి ప్రయాణం అనగానే అందరూ బెల్లం గురించి రాస్తారు. నేను మాత్రం చొక్కా జేబులో మా అక్క ఆవు రక్తం పెట్టుకుని వెళ్లాను. మాది మాకవరపాలెం. అక్క మార్తమ్మకి ఉన్నది ఒక్క జెర్సీ ఆవు, దాని దూడ. ఆ ఇల్లు గడిచేది ఆ పాల మీదే. నాలుగు రోజులుగా ఆవుకి జ్వరం, మేత ముట్టడం లేదు. ఆ ఉదయం పశువుల డాక్టరు దాని చెవి కొసన గుచ్చి, రెండు గాజు పలకల మీద రక్తం పూసి, ఆరాక కాగితంలో చుట్టి ఇచ్చారు. "పిడుదులు కుట్టడం వల్ల వచ్చే థైలేరియా అని నా అనుమానం. మామూలు సూదులకి లొంగదు. అనకాపల్లిలో పరీక్ష చేయించి, అదే అయితే మందు అక్కడే కొని సాయంత్రంలోగా వచ్చెయ్" అన్నారు.

బడికి సెలవు పెట్టి ఏడున్నర బస్సెక్కాను. తాళ్లపాలెం మీదుగా గంటన్నర, టిక్కెట్టు పదిహేను రూపాయలు. "ఏటి మాస్టారూ, జేబు అలా అట్టుకున్నారు?" అన్నాడు కండక్టరు. చెప్పాను. "మా మామ ఆవు ఇలాగే పోయింది. బేగి ఎల్లండి" అన్నాడు. బస్సు నేను తోలుతున్నట్టు!

పశువుల ఆసుపత్రి బెంచీ మీద తొమ్మిదింటికే కూర్చున్నాను. మైక్రోస్కోపు చూసే ఆయన పదకొండుకి వచ్చారు. రంగు వేసి చూడటానికి ఇంకో గంట. "ఉందండీ. భుజం ముందు గడ్డ లేచిందా?" అని అడిగారు.

లేచింది. నాలుగు రోజుల క్రితం ఆ గడ్డని వేళ్లతో నొక్కి చూసి, "పలుపు ఒరుసుకుందక్కా, పసుపు రాయి, తగ్గిపోతాది" అన్నది నేనే. సైన్సు పాఠాలు చెప్పేవాణ్ణి కదా, అక్క నమ్మేసింది. ఆయనతో మాత్రం "నిన్ననే లేచిందండీ" అన్నాను. సిగ్గేసింది.

మందు మొదటి రెండు షాపుల్లో లేదు, మూడో దాంట్లో దొరికింది. ఎస్టీడీ బూత్ నుంచి అక్క పక్కింటికి ఫోన్ చేస్తే ఆవు ఇంకా నిలబడే ఉందన్నారు. కాస్త ప్రాణం లేచొచ్చింది. రెండింటి బస్సు దొరికింది గానీ, కశింకోట దగ్గర చెరకు ట్రాక్టరు అడ్డంగా ఒరిగిపోయి గంటన్నర కదల్లేదు. దిగి నడుద్దామా అని కూడా అనిపించింది.

చేరేసరికి ఐదైంది. ఆవు పడిపోయి నోటితో ఊపిరి తీస్తోంది. అక్క దాని చెవుల్లోంచి పిడుదులు ఏరి పాక మూలకి విసురుతోంది. పాకలోనే నాకోసం కాచుకుని ఉన్న డాక్టరు సూది వేస్తూ, "అలా పారేస్తే అక్కడే గుడ్లు పెడతాయమ్మా. కిరసనాయిల్లో వెయ్యాలి" అన్నారు. అరగంట గడవకముందే ఆవు చచ్చిపోయింది. అక్క ఏడవలేదు. "నువ్వు సెప్పినట్టే రోజూ పసుపు రాసేను తమ్ముడూ" అంది. నన్ను తిట్టినా బాగుండేది.

ఈ దారిన వెళ్లాల్సి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. పశువుకి జ్వరముండి భుజం ముందు గడ్డ తగిలితే పసుపు రాస్తూ కూర్చోకండి, ఆ రోజే డాక్టర్ని పిలవండి. మిగతాదంతా నాకు చీకటిగానే ఉంది. పాక గోడల పగుళ్ల నిండా పిడుదులే. ఆవుకి పిడుదుల మందు కొట్టించాం గానీ గోడలకి కొట్టాలని ఎవరికీ తోచలేదు. దూడని కట్టడానికి అక్కకి వేరే చోటు లేదు. మర్నాడు పొద్దున్నే కబురు పంపింది. వెళ్తే దూడ మెడ పట్టుకుని నిలబడింది. "ఓసారి నొక్కి సూడు తమ్ముడూ, నీకు తెలుత్తాది" అంది. నొక్కాను. వేళ్లకి ఏమీ తగల్లేదు. ఏమీ లేదని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.