డబ్బాను పడుకోబెట్టే వేళ

2017, వానాకాలం. పోర్ట్ బ్లెయిర్‌లో హాడో వైపు నాకొక చిన్న కంప్యూటర్ రిపేరు దుకాణం ఉండేది. అప్పటికి సముద్రం అడుగున కేబుల్ ఇంకా రాలేదు, ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం దయ. ఒక ఫైలు డౌన్‌లోడ్‌కి పెట్టి, భోంచేసి, కునుకు తీసి లేస్తే సగం వచ్చి ఆగిపోయి ఉండేది. అందుకని మా ఊళ్లో ఫైళ్లన్నీ పెన్‌డ్రైవుల్లో తిరిగేవి. వాటితోపాటు వైరస్‌లూ తిరిగేవి.

గరాచర్మలో పెళ్ళి వీడియోలు తీసే గౌరి నాయుడిది తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే తల గోక్కుంటాడు. ఎవరిదో పెన్‌డ్రైవు పుణ్యమా అని వాడి కంప్యూటర్‌లో రెండు పెళ్ళిళ్ళూ ఒక ఓణీల ఫంక్షనూ తుడిచిపెట్టుకుపోయాయి. ఏడుపు మొహంతో నా దగ్గరికి వస్తే నేనొక గొప్ప ఉపాయం చెప్పాను.

కంప్యూటర్‌లో లైనక్స్ వేసి, దాని లోపల వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో విండోస్ నడిపించడం. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్. ఇంటి ఓనరు లైనక్స్, వాటాలో అద్దెకున్నది విండోస్ అనుకోండి. వైరస్ పడితే వాటా ఒక్కటే కడిగి సున్నం వేసుకోవచ్చు. కానీ వీడియో ఎడిటింగ్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఓనరు ఆ కార్డుని పూర్తిగా వదులుకుని అద్దెవాడికి అప్పగించడాన్ని పాస్‌త్రూ అంటారు. దానికి బయాస్‌లో, అంటే కంప్యూటర్ లేవగానే ముందుగా చూసుకునే సెట్టింగుల్లో, ఒక స్విచ్చు ఆన్ చేసి ఉంచాలి. అది ఆఫయితే కార్డు దక్కదు, విండోస్ లేవదు.

పాత మదర్‌బోర్డుతో మూడు రోజులు కుస్తీ పట్టి నడిపించాను. ఈ దీవుల్లో ఇలాంటి పని చేసింది నేనేనని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకున్నాను.

సోమవారం పొద్దున్నే ఫోను.

“భయ్యా, విండోస్ లేవట్లేదు. స్క్రీన్ బిల్కుల్ నల్లగా ఉంది.”

వెళ్ళి చూస్తే బయాస్‌లో స్విచ్చు ఆఫయి ఉంది. ఆన్ చేయగానే విండోస్ బుద్ధిగా లేచింది.

“ఏం మార్చావురా?”

“కసమ్ సే భయ్యా, కుచ్ నహీ కియా! నేనేం ముట్టుకోలేదు.”

మంగళవారం మళ్ళీ అదే కథ. ఎవరో వేలు పెడుతున్నారని బయాస్‌కి పాస్‌వర్డ్ పెట్టాను. బుధవారం వచ్చేసరికి స్విచ్చూ ఆఫ్, పాస్‌వర్డూ మాయం. ఆ సెట్టింగుల్ని గుర్తుంచుకోవడానికి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిందేమోనని కంప్యూటర్‌ని పదిసార్లు ఆపి మళ్ళీ ఆన్ చేశాను. పదిసార్లూ సెట్టింగు చెక్కుచెదరలేదు.

“సాయంత్రం యూపీఎస్ ఆపేస్తావా?”

“లేదు భయ్యా, హమేషా ఆన్.”

యూపీఎస్ నుంచి కరెంటు అందుతున్నంతసేపు చచ్చిన బ్యాటరీ కూడా బతికున్నట్టు నటిస్తుంది. వీడు ఆపనంటున్నాడు గనక బ్యాటరీని వదిలేసి, మదర్‌బోర్డు చేసినవాణ్ణి తిట్టుకోవడం మొదలుపెట్టాను. రోజూ నా పరీక్షలతోనే మధ్యాహ్నం దాటిపోయేది, నాయుడికి ఎడిటింగ్‌కి రెండు మూడు గంటలు మిగిలేవి.

బుధవారం నాడే రామ్మూర్తిగారు స్టూడియోకి వచ్చారు. ఈ దీవులకి దక్షిణపు కొసనున్న క్యాంప్‌బెల్ బేలో టీచరు. కూతురి పెళ్ళి ఇక్కడ చేసి, వీడియో నాయుడితో తీయించి, శుక్రవారం ఓడకి తిరిగి వెళ్తున్నారు.

“సునామీలో మా ఇల్లు పోయింది బాబూ. నా పెళ్ళి ఫోటో, పిల్ల బారసాల ఫోటో, ఒక్కటీ మిగల్లేదు. చిన్నప్పుడు దాని మొహం ఎలా ఉండేదో మా ఆవిడా నేనూ గుర్తు తెచ్చుకుని పోట్లాడుకుంటాం. ఈ వీడియో అయినా చేత్తో పట్టుకుని ఓడెక్కాలి” అన్నారు.

తర్వాతి ఓడ ఎప్పుడో ఓడకే తెలియదు. నాయుడు నా వైపు చూశాడు, నేను మదర్‌బోర్డు వైపు చూశాను. అన్నేళ్ల పనిలో అంత సిగ్గుపడింది లేదు.

గురువారం నేను అక్కడే తిష్ఠ వేశాను. సాయంత్రానికి ఎడిటింగ్ పూర్తయింది. ఇక మొత్తాన్ని ఒక్క ఫైలుగా తయారుచేయాలి, దానికి తెల్లారేదాకా పడుతుంది. అది మొదలుపెట్టి నాయుడు టీ తేవడానికి వెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకి ఇంటి లోపలి నుంచి వాడి తల్లి నూకమ్మగారు స్టూలు పట్టుకుని వచ్చారు.

“లెగు బాబూ, డబ్బాని పడుకోబెట్టాల.”

నేను నోరు తెరిచేలోపు ఆవిడ వెనక చేయి పెట్టి పవర్ వైరు లాగేశారు. మానిటర్ వైరూ కీబోర్డు వైరూ కూడా పీకి, కంప్యూటర్ డబ్బాని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని స్టూలెక్కి బీరువా మీద పెట్టారు. వీడియో తయారీ అక్కడికి సరి.

“అయ్యో అయ్యో! ఏం చేశారమ్మా!”

“ఏటి సేసినాను? రోజూ సేసేదే కదా. పొద్దున్నే మళ్ళీ దించి తగిలిస్తాను.”

“అన్ని వైర్లూ ఎలా తగిలిస్తారు?”

“బొట్లున్నాయి కదేటి! పవరుకి పసుపు, టీవీకి కుంకం, టైపు కొట్టే పలకకి సున్నం. వైరుకొకటి, బెజ్జానికొకటి.”

నాలుగు రోజులుగా ఆ బొట్లని చూస్తూనే ఉన్నాను. ఆయుధ పూజ నాటివి అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

టీ గ్లాసులతో వచ్చిన నాయుడిని పట్టుకున్నాను. “ఏం చేయలేదని ఒట్టేశావు కదరా!”

వాడు నిజంగానే తెల్లబోయాడు. “మార్చిందేమిటని అడిగావు భయ్యా. ఇది సునామీ అప్పటి నుంచీ మామూలే కదా. ఇవాళ ఒక్కరోజు ఆపొద్దని అమ్మకి చెప్పడమే మరిచాను.”

రోజూ వైరు పీకగానే చచ్చిన బ్యాటరీ స్విచ్చునీ పాస్‌వర్డునీ మరిచిపోతోంది. తప్పు సగం నాదే. పాత బోర్డు మీద ఇదంతా అమర్చినప్పుడే బ్యాటరీ మార్చాల్సింది. ఆ వేళకి అలాంటి బిళ్ల ఎక్కడ దొరుకుతుందా అని నేను తల పట్టుకుంటే, నూకమ్మగారు తన షుగర్ చూసుకునే మిషను తెచ్చి వెనక మూత తీశారు. అందులో అదే సైజు బ్యాటరీ.

“తీసుకో బాబూ. ఈ వారం షుగర్ సూసుకోను. పెళ్ళిలో లడ్లు బాగా తిన్నాను, సూసుకుంటే భయమేస్తాది.”

బ్యాటరీ వేసి డబ్బా కింద పెట్టబోతే ఆవిడ ఒప్పుకోలేదు.

“అమ్మా, ఇది గరాచర్మ. ఇక్కడిదాకా సముద్రం నీళ్ళు రావు.”

“అప్పుడు కిందనున్న మా పాత స్టూడియోకీ రావనే అన్నారు బాబూ. మా ఆయన తీసిన నెగటివులన్నీ నా కళ్ళ ముందే తేలుకుంటూ పోయినాయి.”

పెళ్ళి మంటపాల్లో పెద్ద తెరలకి వాడే పొడుగు కేబుళ్ళు నాయుడి దగ్గర ఉన్నాయి. డబ్బాని బీరువా మీదే ఉంచి, అక్కడి నుంచే వైర్లన్నీ కిందికి వేలాడదీశాం. కొత్త కేబుళ్ళకి నూకమ్మగారు కొత్త బొట్లు పెట్టారు. డబ్బా తెల్లవార్లూ పైనే పనిచేసింది.

శుక్రవారం రామ్మూర్తిగారు వీడియో ఎక్కించిన పెన్‌డ్రైవుని మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టి, పైన పిన్నీసు కూడా పెట్టుకుని ఓడెక్కారు.

ఆనాటి నుంచి కస్టమర్‌ని “ఏం మార్చారు?” అని అడగడం మానేశాను. “రోజూ ఏం చేస్తారో మొదట్నుంచీ చెప్పండి” అంటాను. సగం జబ్బులు అక్కడే దొరికిపోతాయి.

ఓడని పంపించి ఇంటికి వెళ్ళి స్కూటర్ స్టాండు వేస్తున్నాను. ముందు చక్రం గుట్ట మీదికెళ్ళే రోడ్డు వైపు తిప్పి, తాళంచెవి దానికే వదిలేశాను. సునామీ నాటి నుంచీ, పదమూడేళ్ళుగా అలాగే పెడుతున్నానని అప్పుడు గమనించాను. నన్నెవరైనా అడిగి ఉంటే నేనూ ఒట్టేసి చెప్పేవాణ్ణి, ఏమీ చేయడంలేదని.