అరవై ఐదు అని రాసిన గంటలు

మే నెల రెండో ఆదివారం, సాయంత్రం. వసారాలో ఉన్నవాళ్లు: నేను, మా ఆవిడ, మా అన్నయ్య కూతురు, దాని లాప్‌టాప్.

నూజివీడు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను షిఫ్టు సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. కెమికల్ ఇంజినీరింగ్ చదివిన ఈ అమ్మాయి ఇప్పుడు అక్కడే, గుజ్జు చిక్కబరిచే యంత్రాన్ని కంప్యూటరుతో నడిపే ఏర్పాటు చేస్తోంది. ఆవిరి, నీళ్లు, గుజ్జు అన్నీ ఒకే కుటుంబమట. ఒకరు అలిగితే మిగతావాళ్లు ఎలా సర్దుకోవాలో ముందే లెక్కగట్టడం దాని చదువు. చేతి అంచనాతో మొదలై మీటర్ల దాకా వచ్చిన మా పనికి ఇదే తర్వాతి మెట్టని నాకు గట్టి నమ్మకం. మర్నాడు పొద్దున్న యజమాని ముందు పరీక్ష. తప్పితే పాత పద్ధతే అని ఆయన చెప్పేశారు.

"పాత లాగ్‌షీట్లన్నీ దీనికి నేర్పాను బాబాయ్. అయినా ఎండెక్కితే గుజ్జు రంగు మారుతుందని పసిగట్టలేకపోతోంది," అంది.

తెరమీద చూశాను. నా అక్షరాలే. గంటగంటకీ వేడి అరవై ఐదు, అరవై ఐదు, అరవై ఐదు. మా రోజుల్లో ఆవిరి వాల్వు తిప్పేది విస్సన్నపేట నుంచి వచ్చే పెద్ద ఆపరేటరు. గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, పావు చుట్టు మూసేవాడు. చేతినిండా గుజ్జు, ఇంక పెన్నెవరు పడతారు? షిఫ్టు దిగేముందు టీ తాగుతూ ఎనిమిది గంటల అంకెలూ ఒక్క ఊపున చెప్పేవాడు. "అరవై ఐదే వెయ్యండి సార్. అటూ ఇటూ అయితే పైవాళ్లకి జవాబు మీరే చెప్పుకోవాలి," అనేవాడు. నేను వేసేవాణ్ణి. ఇంటికొచ్చాక అసలు సంగతి డైరీలో రాసుకునేవాణ్ణి: యంత్రాన్ని చల్లబరిచే తొట్టి నీళ్లు ఎండకి కాగాయి, లోపల డెబ్బై రెండు దాటింది, గుజ్జు రంగు మారకుండా ఆవిరి తగ్గించాం.

"అవి కూర్చుని వేసిన అంకెలమ్మా," అన్నాను.

అది తెరమీంచి తలెత్తింది. "అంటే ఇన్నాళ్లూ దీనికి నేను అబద్ధాలు నేర్పానా?"

"అబద్ధాలు మావి. నీకు తెలీదుగా. అసలు అంకెలు నా డైరీల్లో ఉన్నాయి."

మా ఆవిడ లేచి డైరీల పెట్టె తెచ్చింది. "వీటినిండా నామీద చాడీలే అనుకున్నాను," అంది. నేను చదువుతుంటే అమ్మాయి టైపు చేసుకుంది. భోజనాల వేళకి, తొట్టి నీళ్ల వేడి కూడా దాని లెక్కలోకి ఎక్కింది.

మర్నాడు ఫ్యాక్టరీకి నేనూ వెళ్లాను. పదకొండింటికి తొట్టి నీళ్లు వేడెక్కాయి. ఇప్పటి ఆపరేటరు చెయ్యి చాచేలోపే వాల్వు దానంతటదే కొద్దిగా మూసుకుంది. గుజ్జు పసుపు పచ్చగానే దిగింది. యజమాని "ఉంచుదాం" అన్నారు. లాగ్‌షీట్ల సంగతి అప్పుడు ఆయనకి నేనే చెప్పాను. రాబోయే గంట సంగతి ఇక యంత్రం చూసుకుంటుంది, గడిచిన గంటని మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాల్సింది మనమే.