మబ్బు లేకుండా పెరిగిన నీళ్ళు

మా అమ్మ చదివిన బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు, నవ్వనివ్వండి. మొన్న మా మేనకోడలు ఫోనులో ఒక పిట్ట ఫొటో పంపి, "మామా, నువ్వు నాయిన్ను బురదలకెల్లి గుంజిన కథ మా పిల్లలకు రాసియ్యరాదు" అని అడిగింది. ఫొటోలో పిట్ట వెనక మెరుస్తున్న తడి బురద చూడగానే నా అరికాళ్ళు చల్లబడ్డాయి.

డెబ్బైల చివర్లో నేను వరంగల్లులో ఒక ఫొటో స్టూడియోలో కొత్తగా పనికి కుదిరాను. మా అక్క భర్త బడిపంతులు, పిట్టలంటే పిచ్చి. ములుగు వైపు చెరువుల మీద వాలే చలికాలపు బాతులన్నిటినీ నాచేత ఫొటోలు తీయించాక, ఇక సముద్రం పిట్టలు కావాలని పట్టుబట్టి, క్రిస్మసు సెలవుల్లో స్టూడియో కెమెరాతో సహా నన్ను బందరు వైపు తీసుకుపోయాడు. మన దగ్గర స్వెట్టర్లు తొడిగే రోజులు, అక్కడేమో చొక్కా వీపుకు అంటుకునే ఉక్క.

పొద్దున్నే వెళ్ళి చూస్తే నీళ్ళు ఎక్కడో దూరంగా, మధ్యంతా బురద మేట, దాని మీద వేలకు వేలు పిట్టలు. ఎవరినైనా అడిగి దిగుదామన్నాను. బావ తలెత్తి ఆకాశం చూశాడు. "మబ్బు లేదు, వాన లేదు, నీళ్ళు యాడికెల్లి పెరుగుతయి బామ్మర్ది? ఫికర్ జెయ్యకు." చెరువుల పక్కన పెరిగిన ప్రాణాలు మావి, వానొస్తే నిండేది, ఎండకు తగ్గేది నీరు, అంతే. బావ ఏటేటా పిల్లలకు ఆటుపోట్ల పాఠం చెప్పినవాడే గాని, పాఠంలో నీళ్ళు కాళ్ళకు తగలవు కదా.

అరమైలు లోపలికి పోయి, ఎర్రరెక్కల పెద్ద కొంగ కోసం ఊపిరి బిగబట్టి కెమెరాలో కన్ను పెట్టి ఉండగా, పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. చప్పుడు లేదు, కెరటం లేదు. వెనక్కి తిరిగితే మాకూ ఒడ్డుకూ నడుమ నీళ్ళు! లేని మబ్బు కోసం మేము మళ్ళీ పైకి చూస్తున్నంతలోనే అవి పిక్కలు దాటాయి. నాకు ఈత రాదు. నాలుగడుగులు వేశామో లేదో బావ కాళ్ళు మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాయి. "నువ్వు ఉరుకు రా, మీ అక్క ఒక్కతె అయితది" అన్న ఆయన మాట నాకింకా వినిపిస్తుంది. నేను కెమెరా పట్టీ పళ్ళతో కరిచిపట్టి, పళ్ళెమంత పీతలు వీపెక్కుతున్నా లెక్కచేయక వెనక్కి వెళ్ళి, ఆయన్ను గుంజి, భుజాన వేసుకుని ఒడ్డుకు తెచ్చాను. "పోటేళ మేట మీదకి ఎల్తారేంటండీ, పేణం తీపి లేదా?" అని అక్కడి జాలరి తిట్టిన తిట్లు ఇంకా ఉన్నాయి, రాయను.

ఇక ఒప్పుకుంటాను. ఆ జాలరి తిట్లు నిజం, ఆ నీళ్ళు నిజం. నేను వెనక్కి వెళ్ళానన్నదే అబద్ధం. ఉరకమన్న మాట పూర్తి కాకముందే ఉరికాను, ఒడ్డెక్కి, చూడలేక మొహం తిప్పుకుని కూర్చున్నాను. బావ తనంతట తానే పెనుగులాడి, పొట్ట మీద పాకి బయటపడ్డాడు. ఇంటికొచ్చాక అక్కతో, "నీ తమ్ముడే గుంజిండు, లేకుంటే ఖతమైతుంటి" అన్నాడు. అంటే ఆ అబద్ధానికి పునాది ఆయనది, పీతలు మాత్రమే నావి. అవి ఏటేటా పెరిగాయి.

అమ్మాయీ, పిల్లలకు ఏది చెబుతావో నీ ఇష్టం. ఇప్పుడు పోటు వేళ ఫోనే చెబుతుంది, దాని ఫొటోలో పిట్ట ఈకలు కూడా లెక్కపెట్టవచ్చు. నేను అబద్ధమాడుతుంటే పక్కన కూర్చుని అవునవునని తలూపే మీ నాయినే లేడు.